పాత పరికరాలతో వచ్చిన అపరిచిత ప్రోబ్‌లను గుర్తించడం ఎలా?

విద్యుత్ సంకేతాన్ని తెర మీద గీతగా చూపే పాత ఆసిలోస్కోప్ కొన్నవారి ఇంటికి దానితోపాటు ఒక అట్టపెట్టె కూడా వస్తుంది. కళాశాలల ప్రయోగశాలలు, కర్మాగారాలు తమ పాత సామగ్రిని వేలం వేసేటప్పుడు ఏ ప్రోబ్ (సర్క్యూట్‌లోని సంకేతాన్ని పరికరానికి చేర్చే మొన, తీగ) ఏ పరికరానిదో చూసి జత కట్టేవారు అరుదు. అలమారాలో ఉన్నదంతా గంపగుత్తగా ఒకే లాట్ కింద పోతుంది. ఆ పెట్టెలోంచి రెండు మూడు మామూలు 10ఎక్స్ (సంకేతాన్ని పదోవంతుకు తగ్గించే, అంటే 10:1) ప్రోబ్‌లను ఏరుకున్న తరువాత మిగిలినవేమిటో వెంటనే అంతుపట్టదు. ఒకదానికి మొన ఉండవలసిన చోట జారే దవడ ఉంటుంది, ఒకదానికి రెండు తోకలుంటాయి, మరొకటి రోకలిబండంత లావుగా ఉంటుంది. స్కోప్‌కు తగిలించి చూస్తే గీత కదలదు, కదిలినా లెక్క కుదరదు. అటువంటి వాటిని చెడిపోయినవని తీర్మానించి పారవేయడం నేను చాలాసార్లు చూశాను. వాటిలో కొన్నిటి విలువ ఆ స్కోప్ ధరను మించి ఉంటుంది.

ఈ పనికి కూర్చునేవారు ముందుగా ఒక విషయం గుర్తుంచుకోవాలి. ప్రోబ్ సంపూర్ణమైన పరికరం కాదు, అది సగం పరికరం. రెండో సగం స్కోప్ ఇన్‌పుట్‌లో ఉండే 1 మెగాఓమ్ కావచ్చు, 50 ఓమ్‌ల టెర్మినేషన్ (కేబుల్ చివర పెట్టే నిరోధకం) కావచ్చు, అగ్గిపెట్టెంత డబ్బా కావచ్చు, వేరే ఫ్రేములో కూర్చునే యాంప్లిఫయర్ కావచ్చు. కాబట్టి "ఇది దేన్ని కొలుస్తుంది?" అని అడగడం కంటే "దీని తోక దేనికి తగులుకోవాలి?" అని అడిగితే జవాబు త్వరగా దొరుకుతుంది.

గుర్తింపు పూర్తయ్యేవరకు ఏ ప్రోబ్‌నూ ఇంటి 230 వోల్టుల లైనుకు తాకించకూడదు. మామూలు ప్రోబ్ ఎర్త్ క్లిప్ స్కోప్ చట్రానికీ, అక్కడి నుంచి గోడ ప్లగ్‌లోని ఎర్త్‌కూ నేరుగా కలిసి ఉంటుంది. ఆ క్లిప్ ఫేజ్‌కు తగిలితే అది షార్ట్ సర్క్యూటే. అంతర్గత నిర్మాణం తెలియని ప్రోబ్ విషయంలో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

పెట్టెలో ఏదీ పారవేయకండి

మొదట పెట్టెను ఒక గుడ్డ మీద బోర్లించి, చిన్న చిన్న వస్తువులన్నిటినీ విడిగా తీసి ఉంచాలి. బీఎన్‌సీ (మెలితిప్పి బిగించే గుండ్రని కనెక్టర్) అడాప్టర్లలా కనిపించే పొట్టి గొట్టాలు, పక్కన చిన్న స్విచ్ ఉన్న డబ్బాలు, స్ప్రింగ్ మొనలు, ప్లాస్టిక్ టోపీలు, పలుచని ఎర్త్ తీగలు అన్నీ ఉంచవలసినవే. టెక్ట్రానిక్స్ సంస్థ విడిభాగాల సంఖ్యలకు ఒక క్రమం ఉంది. 010తో మొదలైతే ప్రోబ్, 011తో మొదలైతే అటెన్యుయేటర్ (సంకేతాన్ని తగ్గించేది) లేదా టెర్మినేషన్, 012 అయితే కేబుల్, 013 అయితే అడాప్టర్ లేదా మొన వంటి ఉపకరణం. మాసిపోయిన డబ్బా మీద ఇంకేమీ కనిపించకపోయినా 011 అన్న మూడు అంకెలు కనిపిస్తే, పెట్టెలోని ఏదో ఒక ప్రోబ్‌కు అది రెండో సగం అయ్యే అవకాశం బాగా ఉంది.

నా దగ్గరకు వచ్చిన ఒక లాట్‌లో జారే దవడ ఉన్న టెక్ట్రానిక్స్ పీ6021 కరెంట్ ప్రోబ్ ఉంది. దాని టెర్మినేషన్ డబ్బా మాత్రం కనిపించలేదు. అమ్మిన వ్యక్తికి ఫోన్ చేసి వివరించాను. ఆయన "అలాంటి అడాప్టర్లు వేరే డబ్బాలో పోశాం సార్" అన్నారు. మరునాడు వెళ్లి వెతికితే ఇత్తడి కనెక్టర్ల మధ్య అది దొరికింది. ఇంకొక వారం ఆలస్యమైతే ఇత్తడి ధరకు కరిగిపోయేది. ఏ భాగం కొరవడిందో కొన్న రోజే తెలుసుకుంటే అమ్మినవారి దగ్గర దొరికే అవకాశం ఉంటుంది. అందుకే ఈ పనిని వాయిదా వేయవద్దని చెబుతున్నాను.

తోక నుంచి మొదలుపెట్టడం

మొనలు మారుతూ ఉంటాయి, విరుగుతాయి, ఒకదానివి మరొకదానికి తగిలిస్తారు. కనెక్టర్‌ను అంత సులభంగా ఎవరూ మార్చరు. అందువల్ల మొనకంటే తోక చెప్పే సాక్ష్యం గట్టిది.

మరలు ఉన్న లావుపాటి యూహెచ్‌ఎఫ్ ప్లగ్ ఉంటే ఆ ప్రోబ్ వాల్వుల కాలం నాటి స్కోప్‌ది అయి ఉంటుంది. టెక్ట్రానిక్స్ తొలినాటి పరికరాలకు అవే సాకెట్లు ఉండేవి. ఆడ, మగ భేదం లేకుండా ఒకే ఆకారం ఉన్న రెండు కనెక్టర్లు ఒకదానిలో ఒకటి ఇమిడిపోయే రకం జీఆర్874. ఇది జనరల్ రేడియో సంస్థ రూపొందించినది. 1960ల సాంప్లింగ్ స్కోప్‌లలో (అతివేగమైన సంకేతాల కోసం చేసినవి) విరివిగా కనిపించేది. ఆ కనెక్టర్ ఉన్న ప్రోబ్ దాదాపు ఎప్పుడూ 50 ఓమ్‌ల రకమే. టెక్ట్రానిక్స్ పీ6034, పీ6035 ఆ కోవకు చెందినవి.

బీఎన్‌సీ ఉన్నంత మాత్రాన మామూలు ప్రోబ్ అనుకోకూడదు. దాని పక్కన స్ప్రింగ్ మీద కదిలే ఒక చిన్న పిన్ ఉందేమో చూడాలి. ఆ పిన్ స్కోప్ సాకెట్ చుట్టూ ఉండే లోహపు వలయాన్ని తాకి, తాను ఎంత భాగహారం చేస్తున్నానో స్కోప్‌కు తెలియజేస్తుంది. లోపల ఉండేది ఒక నిరోధకం మాత్రమే. టెక్ట్రానిక్స్ 10ఎక్స్ ప్రోబ్‌లలో ఆ పిన్ నుంచి బయటి తొడుగుకు సుమారు 11 కిలోఓమ్‌లు వస్తాయి. 1ఎక్స్ అయితే ఏమీ ఉండదు. ఇతర సంస్థలూ ఇదే విలువను వాడవచ్చు కాబట్టి, 11 కిలోఓమ్‌లు కనిపించినంత మాత్రాన అది ఎవరి ప్రోబ్ అన్న ప్రశ్నకు జవాబు దొరికినట్టు కాదు.

బీఎన్‌సీ చుట్టూ మందపాటి ప్లాస్టిక్ తల, దానిలో వరుసగా అనేక పిన్నులు ఉంటే అది టెక్ట్రానిక్స్ వారి టెక్‌ప్రోబ్ రెండో స్థాయి కనెక్టర్. విద్యుత్ సరఫరా, గుర్తింపు సమాచారం రెండూ ఆ పిన్నుల గుండానే వెళతాయి. పీ6205, పీ6243, పీ6245 వంటి యాక్టివ్ ప్రోబ్‌లు (లోపలే చిన్న యాంప్లిఫయర్ ఉండి విద్యుత్ సరఫరా కోరేవి) ఈ రకానివి. వీటిని టీడీఎస్500, టీడీఎస్700 వరుసల స్కోప్‌లకు నేరుగా తగిలించవచ్చు. అటువంటి స్కోప్ లేనివారి కోసం టెక్ట్రానిక్స్ 1103 అనే విడి పవర్ సప్లై ఉంది.

బీఎన్‌సీతోపాటు పక్కనుంచి మరొక సన్నని తీగ వెళ్లి చిన్న గుండ్రని ప్లగ్‌తో ముగిస్తే అదీ యాక్టివ్ ప్రోబే, కానీ పాత తరానిది. టెక్ట్రానిక్స్ పీ6201, హ్యూలెట్ ప్యాకర్డ్ 1120ఏ అటువంటివి. బీఎన్‌సీ అసలే లేకుండా అనేక పిన్నుల ప్లగ్ మాత్రమే ఉంటే, స్కోప్‌కు కాక మధ్యలో మరొక యాంప్లిఫయర్‌కు తగిలించే ప్రోబ్ అని అర్థం. రెండు అరటి ప్లగ్గులు పక్కపక్కన ఉన్న తోక మల్టీమీటర్ కోసం చేసినది.

పేరు, సంఖ్య ఎక్కడ దాగి ఉంటాయి?

మోడల్ సంఖ్య నాలుగు చోట్ల ఉండవచ్చు: బీఎన్‌సీ వైపు ఉండే కాంపెన్సేషన్ (ప్రోబ్‌ను స్కోప్‌కు తగినట్టు సర్దే) డబ్బా మీద, ప్రోబ్ పిడి మీద, కేబుల్‌కు తొడిగిన సన్నని ప్లాస్టిక్ పట్టీ మీద, పిడిలోకి కేబుల్ ప్రవేశించే చోట ఉండే రబ్బరు మెడ మీద. రబ్బరు మెడ మీద అక్షరాలు ఉబ్బెత్తుగా అచ్చు పోసి ఉంటాయి. రంగు లేకపోవడం వల్ల కంటికి ఆనవు. మెత్తని గుడ్డను సబ్బు నీటిలో తడిపి తుడిచి, టార్చిలైటును పక్కనుంచి ఏటవాలుగా వేస్తే నీడలలో అంకెలు తేలతాయి. స్పిరిట్, థిన్నర్ వాడవద్దు. ముద్రించిన అక్షరాలుంటే మురికితోపాటు అవీ పోతాయి.

"పీ" అక్షరం తరువాత నాలుగు అంకెలు ఉండటం టెక్ట్రానిక్స్ అలవాటు. అయితే పీ6100 వంటి పేర్లతో వస్తున్న చవక ప్రోబ్‌లకూ ఆ సంస్థకూ సంబంధం లేదు. అక్షరాలను మాత్రమే చూసి ధర కట్టకూడదు. హ్యూలెట్ ప్యాకర్డ్ ప్రోబ్‌లకు 10431ఏ, 10433ఏ వంటి అయిదంకెల సంఖ్యలుంటాయి. హామెగ్ ప్రోబ్‌ల మీద హెచ్‌జెడ్ అని ఉంటుంది. మన దేశంలో ఇందోర్‌లోని సైంటిఫిక్ మెస్-టెక్నిక్ హామెగ్ నమూనా స్కోప్‌లను తయారు చేసింది. అందువల్ల మన కళాశాలల్లో "సీఆర్వో" అని పిలిచే పాత పరికరాలతో ఆ రకం ప్రోబ్‌లు రావడం సహజం.

సంఖ్య దొరికితే దాని మాన్యువల్ వెతకడం ఒక పూట పని. దొరకనప్పుడే అసలు పని మొదలవుతుంది.

మల్టీమీటర్‌తో కొలతలు

రెండు తోకలున్నవాటిని, టెక్‌ప్రోబ్ తల ఉన్నవాటిని ఈ పరీక్ష నుంచి మినహాయించాలి. వాటి మొనలో సున్నితమైన ఎఫ్‌ఈటీ (ఒక రకం ట్రాన్సిస్టర్) ఉంటుంది. మిగిలినవాటికి మూడు కొలతలు సరిపోతాయి. ఒకటి, మొన నుంచి బీఎన్‌సీ నడిమి పిన్‌కు. రెండు, నడిమి పిన్ నుంచి బయటి తొడుగుకు. మూడు, ఎర్త్ క్లిప్ నుంచి బయటి తొడుగుకు. మూడోది దాదాపు సున్నా రావాలి; రాకపోతే ఎర్త్ తీగ లోపల తెగింది, ముందు దాన్ని సరిచేయాలి. కొలిచేటప్పుడు మొనను చేతి వేళ్లతో పట్టుకోకూడదు. శరీరపు నిరోధం మెగాఓమ్‌ల కొలతలో కలిసిపోతుంది. మెగ్గర్ వంటి అధిక వోల్టేజీ సాధనాన్ని వీటికి తాకించనే కూడదు.

మొదటి కొలతలో 9 మెగాఓమ్‌లు వచ్చి, రెండో కొలతలో ఏమీ రాకపోతే అది అందరికీ తెలిసిన 10:1 ప్రోబ్. స్కోప్‌లోని 1 మెగాఓమ్ దాని రెండో సగం. ఈ రెండూ కలిస్తేనే పదోవంతు అవుతుంది.

మొదటి కొలతలో కొన్ని వందల ఓమ్‌లు వస్తే తొందరపడి కేబుల్ దెబ్బతిన్నదని అనుకోవద్దు. 1ఎక్స్ ప్రోబ్‌లోనూ, స్విచ్ ఉన్న ప్రోబ్ 1ఎక్స్ స్థానంలో ఉన్నప్పుడూ అలాగే వస్తుంది. మంచి ప్రోబ్ కేబుల్ లోపల ఉండేది రాగి తీగ కాదు, వెంట్రుకలాంటి నిరోధక తీగ. రాగి తీగ అయితే వేగమైన తరంగం కేబుల్ రెండు కొనల మధ్య అటూ ఇటూ ప్రతిఫలించి తెర మీద గంట మోగినట్టు అలలు కనిపిస్తాయి. నిరోధక తీగ ఆ అలలను అణచివేస్తుంది. 1950లలో టెక్ట్రానిక్స్‌లో పనిచేసిన జాన్ కోబీ, విలియమ్ పోలిట్స్ ఈ ఉపాయాన్ని రూపొందించి పేటెంట్ తీసుకున్నారు. తెగిన ప్రోబ్ కేబుల్ స్థానంలో ఎవరో టీవీ కేబుల్ అతికిన ఒక ప్రోబ్ నాకు వచ్చింది. మీటర్‌తో కొలిస్తే అన్నీ సరిగానే ఉన్నాయి. చదరపు తరంగం పెట్టగానే ప్రతి అంచు దగ్గరా నాలుగైదు అలలు కనిపించాయి. 10ఎక్స్ ప్రోబ్‌లో మొనను విప్పగలిగితే, మొన కట్టును తీసి కేబుల్‌ను మాత్రమే కొలిచి ఈ తేడాను ముందే పట్టుకోవచ్చు.

ఇక్కడ చాలామంది పొరపడే చోటొకటి ఉంది. మొదటి కొలతలో 9కి బదులు 10కి దగ్గరగా వచ్చిందనుకుందాం. "మీటర్ కాస్త తేడా చూపిస్తోంది, ఇది 10ఎక్సే" అని వదిలేయడం సులభం. రెండో కొలత తీసుకోండి. నడిమి పిన్‌కూ తొడుగుకూ మధ్య సుమారు 111 కిలోఓమ్‌లు కనిపిస్తే అది 100:1 ప్రోబ్. టెక్ట్రానిక్స్ పీ6009 ఈ రకానిదే. దాని మొత్తం ఇన్‌పుట్ నిరోధం 10 మెగాఓమ్‌లు. లోపలి 111 కిలోఓమ్‌లు స్కోప్ 1 మెగాఓమ్‌తో సమాంతరంగా చేరి 100 కిలోఓమ్‌లవుతాయి. 10 మెగాఓమ్‌లలో అది నూరోవంతు. 1.5 కిలోవోల్టుల వరకు తట్టుకునే ఇటువంటి ప్రోబ్‌ను 10ఎక్స్ అని రాసి పెట్టుకుంటే, తెర మీద 2 వోల్టులు కనిపించినప్పుడు అసలు 200 వోల్టులున్న తీగను 20 వోల్టులే కదా అని చేతితో పట్టుకునే ప్రమాదం ఉంది.

రెండో రకం 100:1 ప్రోబ్‌లలో 99 మెగాఓమ్‌లు మొనలోనే ఉంటాయి. చాలా మల్టీమీటర్లు అంత నిరోధాన్ని చూపలేక "ఓపెన్" అంటాయి, దానితో మంచి ప్రోబ్ తెగిపోయినదిగా లెక్కలోకి వెళుతుంది. దీనికి తేలికైన మార్గం ఉంది. మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల రేంజ్‌లో పెట్టాలి. ఆ స్థితిలో సాధారణంగా మీటరే 10 మెగాఓమ్‌ల నిరోధకంలా పనిచేస్తుంది. బల్ల మీది పవర్ సప్లైను 30 వోల్టులకు పెట్టి, ధన ధ్రువాన్ని ప్రోబ్ మొనకు, మీటర్ ఎర్ర తీగను నడిమి పిన్‌కు, నల్ల తీగను సప్లై ఋణ ధ్రువానికి కలపాలి. ప్రోబ్ నిరోధం 99 మెగాఓమ్‌లయితే మీటర్ మీద సుమారు 2.75 వోల్టులు వస్తాయి. 30ని వచ్చిన వోల్టులతో భాగించి, ఒకటి తీసివేసి, 10తో గుణిస్తే మెగాఓమ్‌లలో జవాబు వస్తుంది. మీటర్ నిజంగా 10 మెగాఓమ్‌లదేనా అన్న అనుమానం ఉంటే 10 మెగాఓమ్‌ల నిరోధకాన్ని వరుసలో పెట్టి చూడాలి. వోల్టేజీ సగం కావాలి. ఈ పద్ధతిలో 1000 మెగాఓమ్‌ల ప్రోబ్ కూడా దాదాపు 0.3 వోల్టులతో తన ఉనికి చెబుతుంది. అలమారాలో "చెడినవి" అని కట్టిన మూటలోంచి రెండు ప్రోబ్‌లను నేను ఈ పద్ధతితోనే వెనక్కి తెచ్చుకున్నాను.

450 ఓమ్‌లు కనిపిస్తే

మొదటి కొలతలో 450 లేదా 950 లేదా 4950 ఓమ్‌లు వస్తే సంతోషించవచ్చు. దానికి 50 కలిపి చూడండి: 500, 1000, 5000. అంటే 50 ఓమ్‌ల ఇన్‌పుట్‌లోకి 10:1, 20:1, 100:1 భాగహారం చేసే ప్రోబ్‌లు. టెక్ట్రానిక్స్ పీ6056 మొదటి రకం, 3.5 గిగాహెర్ట్జ్‌ల వరకు వెళుతుంది. పీ6057 మూడో రకం, 1.4 గిగాహెర్ట్జ్‌లది. హ్యూలెట్ ప్యాకర్డ్ 54006ఏ కిట్‌లో 500 ఓమ్‌ల, 1000 ఓమ్‌ల మొనలు ఉంటాయి, అది 6 గిగాహెర్ట్జ్‌ల వరకు పనిచేస్తుంది. వీటి కేబుల్‌లో నిరోధక తీగ ఉండదు. మామూలు 50 ఓమ్‌ల కోయాక్సియల్ కేబులే ఉంటుంది. కాంపెన్సేషన్ ట్రిమ్మర్ (సర్దుబాటు స్క్రూ) కూడా ఉండదు.

మొదటిసారి ఇటువంటి ప్రోబ్ దొరికినప్పుడు దాన్ని 1 మెగాఓమ్ ఇన్‌పుట్‌కు తగిలించి, మీద 10ఎక్స్ అని ఉన్నా భాగహారమే జరగడం లేదని చూసి, పాడైనదిగా లెక్కించి కొన్ని నెలలు పక్కన పెట్టాను. 450 ఓమ్‌ల ముందు 1 మెగాఓమ్ ఉంటే వోల్టేజీ దాదాపు పూర్తిగా అటే పోతుంది. 50 ఓమ్‌ల టెర్మినేషన్ మధ్యలో పెట్టగానే సరిగ్గా పదోవంతు వచ్చింది. పరీక్షకు స్కోప్ మీది కాలిబ్రేషన్ కొక్కెం (పరీక్ష తరంగం వచ్చే చోటు) వాడవద్దు. దాని లోపలి నిరోధం వల్ల 500 ఓమ్‌ల ప్రోబ్ తగలగానే తరంగం కుంగిపోతుంది, లెక్క తప్పుతుంది. 5 వోల్టుల డీసీ సప్లై తీసుకుని మొనకు తాకిస్తే 50 ఓమ్‌ల చివర 0.5 వోల్టు రావాలి. ఆ సమయంలో ప్రోబ్‌లో 10 మిల్లీయాంపియర్లు పారుతాయి, అది దానికి భారం కాదు. మొనలోని నిరోధకం చాలా చిన్నది కాబట్టి అంతకంటే ఎక్కువ వోల్టేజీ పెట్టి పరీక్షించవద్దు.

దవడ ఉన్నవి

మొన లేకుండా, తీగను లోపలికి తీసుకుని మూసుకునే జారుడు దవడ ఉంటే అది కరెంట్ ప్రోబ్. దానిలో రెండు జాతులున్నాయి, తోక చూసి విడదీయవచ్చు.

బీఎన్‌సీ ఉన్నది సాధారణంగా ట్రాన్స్‌ఫార్మర్ రకం. మారే కరెంటును మాత్రమే చూస్తుంది. పీ6021 దీనికి మంచి ఉదాహరణ. మల్టీమీటర్‌తో నడిమి పిన్ నుంచి తొడుగుకు కొలిస్తే చుట్ట నిరోధం మాత్రమే, అంటే చాలా తక్కువ ఓమ్‌లు వస్తాయి. దీన్ని షార్ట్ అనుకుని విప్పినవారున్నారు. దీనికి రెండో సగం పక్కన స్విచ్ ఉన్న టెర్మినేషన్ డబ్బా. ఆ స్విచ్‌తో మిల్లీవోల్టుకు 2 లేదా 10 మిల్లీయాంపియర్లుగా కొలత మారుతుంది.

పరీక్షకు ఫంక్షన్ జనరేటర్ (పరీక్ష తరంగాలను పుట్టించే పరికరం), 50 ఓమ్‌ల నిరోధకం చాలు. 10 కిలోహెర్ట్జ్‌ల సైన్ తరంగాన్ని నిరోధకం మీద శిఖరం నుంచి శిఖరానికి 5 వోల్టులు ఉండేలా సర్దితే, ఆ తీగలో 100 మిల్లీయాంపియర్లు పారుతున్నట్టు. దవడలో ఆ తీగను ఉంచి పూర్తిగా మూయాలి. స్విచ్ 2 స్థానంలో 50 మిల్లీవోల్టులు, 10 స్థానంలో 10 మిల్లీవోల్టులు రావాలి. చాలా తక్కువ వస్తే దవడను తెరిచి ఫెరైట్ ముఖాలను భూతద్దంతో చూడండి. అద్దంలా నున్నగా ఉండవలసిన ఆ రెండు ముఖాల మధ్య దుమ్ము రేణువు ఉన్నా, అంచు పెచ్చు లేచినా అయస్కాంత మార్గంలో ఖాళీ ఏర్పడుతుంది. పొడి గుడ్డతో తుడవడమే తప్ప వాటిని గీకకూడదు. తరువాత ఫ్రీక్వెన్సీని తగ్గించుకుంటూ రండి. కొన్ని వందల హెర్ట్జ్‌ల దిగువన సంకేతం బలహీనపడితే ట్రాన్స్‌ఫార్మర్ రకమన్న నిర్ధారణ పూర్తవుతుంది.

అనేక పిన్నుల ప్లగ్ ఉన్న దవడ ప్రోబ్ రెండో జాతి. దీనిలో ట్రాన్స్‌ఫార్మర్‌తోపాటు హాల్ మూలకం (అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టేది) ఉంటుంది, అందువల్ల డీసీని కూడా కొలుస్తుంది. టెక్ట్రానిక్స్ ఏ6302 (20 యాంపియర్లు, 50 మెగాహెర్ట్జ్‌లు), ఏ6303 (100 యాంపియర్లు, 15 మెగాహెర్ట్జ్‌లు) ఈ జాతివి. వీటి రెండో సగం ఏఎం503 యాంప్లిఫయర్. అది టీఎం500 ఫ్రేములో కూర్చుంటుంది. దాని అవుట్‌పుట్‌ను 50 ఓమ్‌ల టెర్మినేషన్ ద్వారా స్కోప్‌కు కలిపి, స్కోప్‌ను గడికి 10 మిల్లీవోల్టుల వద్ద ఉంచాలి. ఏఎం503 లేకుండా ఈ ప్రోబ్‌ను పరీక్షించడానికి ప్రయత్నించకండి, ప్లగ్ పిన్నులకు సప్లై తాకించకండి. యాంప్లిఫయర్ దొరికేవరకు దవడ మూసి, పెట్టెలో భద్రపరచడమే సరైన పని. వేలంలో ఈ యాంప్లిఫయర్ ఒకచోట, ప్రోబ్ మరొకచోట విడిపోవడం తరచూ జరుగుతుంది. ఎక్కడైనా టీఎం500 ఫ్రేము కనిపిస్తే అందులో ఏముందో చూడటం అలవాటు చేసుకోవాలి.

శక్తి అడిగేవి, అధిక వోల్టేజీవి

సన్నని రెండో తోక ఉన్న యాక్టివ్ ప్రోబ్‌ల విషయంలో ప్లగ్ ఆకారాన్ని నమ్మి సప్లై కలపడం ప్రమాదం. హ్యూలెట్ ప్యాకర్డ్ ప్రోబ్ పవర్ సాకెట్లలో +15, −12.6 వోల్టులుంటాయి, టెక్ట్రానిక్స్ సాకెట్ల కొలతలు వేరు. పిన్నుల క్రమం మాన్యువల్‌లో చూసిన తరువాతే సొంత సప్లై కట్టాలి. వీటి మొనలోని ఎఫ్‌ఈటీ, ఒంట్లో పేరుకున్న స్థిర విద్యుత్తు తగిలినా చనిపోతుంది. మొనను ముట్టుకునే ముందు ఎర్త్ చేసిన లోహాన్ని తాకాలి. మొన మీద తొడిగిన చిన్న డబ్బాలు అటెన్యుయేటర్లు కావచ్చు. వాటిని విడదీసి పోగొట్టుకోవద్దు.

రోకలిబండలా ఉన్నది అధిక వోల్టేజీ ప్రోబ్. టెక్ట్రానిక్స్ పీ6015 1000:1 భాగహారం చేస్తుంది, దాని ఇన్‌పుట్ నిరోధం 100 మెగాఓమ్‌లు, చిన్న పల్సులకు 40 కిలోవోల్టుల వరకు తట్టుకుంటుంది. దానికి స్కోప్ వైపు పలు ట్రిమ్మర్లున్న కాంపెన్సేషన్ డబ్బా ఉంటుంది. అది లేకపోతే తరంగ రూపాన్ని నమ్మలేము. పాత పీ6015లో విద్యుద్బంధకంగా ఫ్రియాన్ 114 ద్రవం నింపేవారు. సంవత్సరాలు గడిచేకొద్దీ అది ఆవిరై పోతుంది, మాంట్రియల్ ఒప్పందం పరిధిలోని పదార్థం కావడం వల్ల మళ్లీ నింపడమూ కష్టం. ద్రవం పోయిన ప్రోబ్ పైకి ఏ లోపమూ లేకుండా కనిపిస్తుంది, 30 వోల్టుల పరీక్షలో నెగ్గుతుంది, కిలోవోల్టుల దగ్గర మాత్రం లోపల నిప్పురవ్వ దూకుతుంది. ఈ ఒక్క దానిని మల్టీమీటర్ ఫలితం ఆధారంగా వాడుకలోకి తేవద్దు. తరువాత వచ్చిన పీ6015ఏలో ద్రవానికి బదులు సిలికోన్ ఉంది, దానికి ఈ బెడద లేదు. కాబట్టి చివరి అక్షరం ఉందో లేదో శ్రద్ధగా చూడాలి.

ఫ్లూక్ 80కే-40 కూడా పొడవుగా, భయపెట్టేలా ఉంటుంది కానీ అది 10 మెగాఓమ్‌ల మల్టీమీటర్‌కు చేసినది, 1000 మెగాఓమ్‌ల నిరోధంతో 40 కిలోవోల్టుల డీసీ కొలుస్తుంది. అడాప్టర్ పెట్టి దాన్ని 1 మెగాఓమ్ స్కోప్‌కు కలిపితే అసలు కంటే చాలా తక్కువ వోల్టేజీ కనిపిస్తుంది. పిక్చర్ ట్యూబ్ దగ్గర అటువంటి తప్పు ప్రాణం మీదికి వస్తుంది.

ప్రోబ్‌లా కనిపించే ఇతర సాధనాలు

మొన నుంచి నడిమి పిన్‌కు డీసీ మార్గమే లేక, డయోడ్ పరీక్షలో నడిమి పిన్‌కూ తొడుగుకూ మధ్య ఒక దిశలో మాత్రమే 0.2 నుంచి 0.6 వోల్టుల వరకు కనిపిస్తే అది చాలావరకు ఆర్‌ఎఫ్ డిటెక్టర్ ప్రోబ్. ఫ్లూక్ 85ఆర్‌ఎఫ్ వంటివి రేడియో సంకేతాన్ని డీసీగా మార్చి మల్టీమీటర్‌కు ఇస్తాయి. హ్యూలెట్ ప్యాకర్డ్ 410 వోల్ట్‌మీటర్ల లావుపాటి ఏసీ ప్రోబ్‌లో అయితే చిన్న వాల్వు డయోడ్ ఉంటుంది, అది మీటర్ నుంచి హీటర్ శక్తి తీసుకుంటుంది.

లావుపాటి కలంలా ఉండి, చివర దీపం ఉన్నవి హ్యూలెట్ ప్యాకర్డ్ 545ఏ లాజిక్ ప్రోబ్, 546ఏ లాజిక్ పల్సర్, 547ఏ కరెంట్ ట్రేసర్. వీటికి స్కోప్‌తో పనిలేదు, సర్క్యూట్ సప్లై చాలు. 547ఏ, షార్ట్ అయిన లైనులో కరెంటు ఎటు పోతోందో చూపుతుంది కనుక రిపేరు చేసేవారు దాన్ని తప్పక ఉంచుకోవాలి. రంగురంగుల సన్నని తీగలు గుత్తిగా ఉన్న పెట్టెలు లాజిక్ ఎనలైజర్ పాడ్‌లు, పీ6452 అటువంటిది. పీ6407 మాత్రం వర్డ్ రికగ్నైజర్ (ఎంచుకున్న అంకెల క్రమాన్ని గుర్తించేది), టెక్ట్రానిక్స్ 2465 వంటి స్కోప్‌లకు ట్రిగ్గర్ ఇవ్వడానికి చేసినది. పీ6601 ఉష్ణోగ్రత ప్రోబ్. పీ6701 కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చేది.

స్కోప్‌తో జత కుదర్చడం

10ఎక్స్ అని తేలిన ప్రోబ్ కూడా ప్రతి స్కోప్‌కూ సరిపోదు. స్కోప్ ఇన్‌పుట్‌లో 1 మెగాఓమ్‌తోపాటు కొన్ని పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుంది: టెక్ట్రానిక్స్ 465కు 20, 2465కు 15, 7ఏ22 ప్లగ్-ఇన్‌కు (స్కోప్‌లో దూర్చే విభాగం) 47, హామెగ్ హెచ్ఎం203 రకానికి సుమారు 25 నుంచి 30. ప్రోబ్ ట్రిమ్మర్ ఆ విలువను అందుకోగలగాలి. 1 కిలోహెర్ట్జ్ చదరపు తరంగం పెట్టి ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో ట్రిమ్మర్ తిప్పండి. పైభాగం బల్లపరుపుగా ఉన్న స్థానం మధ్యలో ఎక్కడో వచ్చి, అటూ ఇటూ తిప్పితే మూల గుండ్రబడటం, కొమ్ములా లేవడం రెండూ కనిపిస్తే జత కుదిరింది. ఒక కొన దాకా తిప్పినా మూల గుండ్రంగానే ఉంటే ఆ స్కోప్ కెపాసిటెన్స్ ఆ ప్రోబ్‌కు ఎక్కువ. అది ప్రోబ్ లోపం కాదు, వేరే స్కోప్ కోసం దాచుకోండి.

ఒకే సంఖ్య ఉన్న రెండు ప్రోబ్‌లకు కాంపెన్సేషన్ ట్రిమ్మర్ కాక అదనంగా భాగహార నిష్పత్తిని సర్దే సదుపాయం కూడా ఉంటే అవి డిఫరెన్షియల్ (రెండు బిందువుల మధ్య తేడాను చూసే) కొలతల జంట. 7ఏ13 వంటి ప్లగ్-ఇన్‌లతో వాడే పీ6055 ఇటువంటిది. వాటిని రెండు వేర్వేరు స్కోప్‌లకు పంచేస్తే వాటి ప్రయోజనం పోతుంది.

చివరిగా, ప్రతి ప్రోబ్ కేబుల్‌కు ఒక అట్ట ముక్క కట్టి, కొలిచిన నిరోధాలు, తేలిన నిష్పత్తి, అది అడిగే రెండో సగం, దానిలో ఏది మన దగ్గర లేదో పెన్సిల్‌తో రాసి పెట్టాలి. నా అలమారాలో ప్రస్తుతం వేలాడుతున్న ఒక అట్ట మీద ఇలా ఉంది: "ఏ6302. దవడ మంచిది, ఫెరైట్ పగలలేదు. ఏఎం503 కావాలి. వచ్చేవరకు దేనికీ తగిలించవద్దు."